ఒప్పుకోలు పలుకుబళ్ళు

వాదము నడుచుచుండగా ఎదుటివాడు చూపిన హేతువు యుక్తమని గ్రహించి, ఆ సంగతిని మరుగుపరుపక నోట పలుకుటకు ప్రతి భాషయందును కొన్ని మాటలు స్థిరపడి యుండును. 'నిజమే', 'ఆ మాట కాదనలేను', 'నీవన్నదీ సబబే' వంటి యీ మాటలను ఈ వ్యాసమునందు ఒప్పుకోలు పలుకుబళ్ళని వ్యవహరించుచున్నాము. కేవల సమ్మతి వేరు, ఒప్పుకోలు వేరు. భోజనమునకు రమ్మని పిలిచినపుడు 'సరే' యనువాడు సమ్మతించుచున్నాడు. అతని సమ్మతికి ముందు విరోధమేదియు లేదు. అంతవరకు కాదని పట్టుబట్టినవాడు ఎదుటివాని మాట విని, మనసులో తూచుకొని, 'నిజమేలే' యన్నచో అది ఒప్పుకోలు. దానికి ముందు భిన్నాభిప్రాయము ఉండి తీరవలెను. ఓటమిని ప్రకటించు మాటలు మరియొక తెగకు చెందినవి. ఈ మూడింటిని కలగాపులగము చేయుటచేతనే, ఒప్పుకొనుట యనగా ఓడిపోవుట యను దురభిప్రాయము చదువుకొన్నవారిలో సైతము వ్యాపించినది. పొదిలి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములందలి పల్లెల వాడుకను శ్రద్ధతో విన్నవారికి ఆ దురభిప్రాయము నిలువదు.

పొదిలి పలు యాసలు కలిసికొను తావు. వెంకటగిరి సంస్థానాధీశుల యేలుబడిలో చిరకాలముండి, నెల్లూరు జిల్లాలో తాలూకా కేంద్రమైన యీ పట్టణము 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినది; ఆ జిల్లాకే 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి నామము లభించినది. అదే సమయమున మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లానుండియు, ఒంగోలు ప్రాంతము గుంటూరు జిల్లానుండియు వచ్చి కలిసినవి. అందుచేత తూర్పున కోస్తావారి పలుకును, దక్షిణమున నెల్లూరి యాసయు, పడమట నల్లమల పాదములనుండి వచ్చు రాయలసీమ ఛాయయు ఇచ్చట ఒకదానితో నొకటి పెనవేసికొన్నవి. 'అట్టా', 'ఇట్టా', 'ఎట్టా' యనునవి యిచ్చటి నిత్యవ్యవహారము. పడమటికి పోయినకొలది 'అట్ల', 'ఇట్ల' యను రూపములు చెవినిబడును. మెట్టపైరుల సీమ యగుటచేత నీటి వంతు, పొలముగట్టు, పశువుల మేత, అప్పునకు వడ్డీ, పొగాకు బేళ్ళ నాణ్యము మొదలైన వానిని గూర్చిన వాదములకు లోటు లేదు. పొగాకు వేలముకేంద్రము గల పొదిలిలోనైనను, బడిపలకల పరిశ్రమకు ప్రసిద్ధికెక్కిన మార్కాపురములోనైనను, వ్యవహారము తెగవలెనన్న ఎవరో యొకరు ఎదుటివాని మాటలోని న్యాయమును గుర్తింపక తప్పదు.

ఈ సీమ వాడుకలోని ఒప్పుకోళ్ళకెల్ల మూలమైనది 'నిజమే' యను మాట. 'నిజము' అను పేరుకు అవధారణార్థకమైన ఏకారము చేరగా నిది యేర్పడినది. ఏకారము లేక 'నిజం' అన్నచో నది యొక సంగతిని ఉన్నదున్నట్లు చెప్పుట మాత్రమే. ఏకారము చేరిన వెంటనే, ఇంతవరకు లెక్కలోనికి తీసికొనని దానిని ఇప్పుడు లెక్కలోనికి తీసికొనుచున్నాను అను భావము తోచును. దీనికి పరముగా చేరు చిన్న మాటలనుబట్టి ఒప్పుకోలు యొక్క పరిమాణము మారుచుండును. 'నిజమే గదా' యనువాడు తాను మరచిన సంగతి యిప్పుడే స్ఫురించినట్లు ఒప్పుకొనుచున్నాడు. ఇందు ఒకింత ఆశ్చర్యమును, దాపరికము లేని స్వచ్ఛతయు కలవు. 'నిజమేలే' యనువాడు ఒప్పుకొనుచునే వాదమును ముగింపగోరుచున్నాడు. 'లెమ్ము' అను క్రియకు సంబంధించిన యీ 'లే' యనునది, ఇక విడిచిపెట్టుమను అర్థచ్ఛాయను తనతో తెచ్చుకొన్నది. 'నిజమే గానీ' యనువాడు ఈ చేత ఇచ్చి ఆ చేత పుచ్చుకొనుచున్నాడు. 'గానీ' తరువాత వచ్చు వాక్యమే యతని అసలు పక్షము. వినువాడు 'నిజమే' దగ్గర సంతోషింపక 'గానీ' కొరకు చెవియొగ్గి యుండవలెనని పల్లెలో పిల్లలకు సైతము తెలియును.

వీనియన్నిటిలో మాకు మిక్కిలి విలువైనదిగా తోచునది 'అదీ నిజమే' యను మాట. ఇందు 'అది' చివరి దీర్ఘము సముచ్చయార్థకము. నీవన్నదియు నిజమే యని దీని తాత్పర్యము. పలికినవాడు తన మాటను వెనుకకు తీసికొనలేదు, ఎదుటివాని మాటను దాని ప్రక్కన నిలిపినాడు. తొలకరిలో కంది విత్తుటను గూర్చి అన్నదమ్ములిద్దరు వాదించుకొనుచున్నారనుకొందము. పెద్దవాడు 'పదును ఆరకముందే ఇత్తనం పడాల' అనును. చిన్నవాడు 'ఇంకో వాన చూద్దాం అన్నా, మొన్న ఇత్తినోళ్ళ చేలో మొలకే రాలా' అనును. పెద్దవాడొక క్షణమాగి 'అదీ నిజమేలే' అనును. పదును పోవునను అతని భయము ఆ మాటతో తీరిపోలేదు. తమ్ముని భయమునకు సైతము ఆధారమున్నదని మాత్రము తేలినది. ఇక సగము చేను ఇప్పుడు, సగము చేను తరువాత విత్తుదమను మార్గమునకు తలుపు తెరచుకొనును. ఎవరు గెలిచిరను ప్రశ్నయే యిచ్చట పుట్టదు. ఒక్క దీర్ఘముతో ఇంత పని చేయగల సాధనము భాషకు గొప్ప సంపద యని మా దృఢాభిప్రాయము.

క్రియారూపములలో సైతము తెలుగు ఒప్పుకోలునకు స్థానము కల్పించినది. 'వచ్చినను', 'చెప్పినను', 'ఉన్నను' అను రూపములను వ్యాకరణమున అప్యర్థకములందురు. సంస్కృతమున 'అపి' యను అవ్యయము చేయు పనిని తెలుగున క్రియయే నెరవేర్చుచున్నది. వ్యవహారమున నివి 'వచ్చినా', 'చెప్పినా', 'ఉన్నా' అని నిలిచినవి. 'వాన పడినా చెరువు నిండలా' అనువాడు వాన పడిన సంగతిని ముందుగా ఒప్పుకొని, దానివలన కలుగునని ఎదుటివాడు తలచిన ఫలితమును మాత్రము కాదనుచున్నాడు. వాదమున పరపక్షమునకు ఇయ్యవలసినంత ఇచ్చి, తన పక్షమును నిలుపుకొను యుక్తి యీ ఒక్క రూపములో ఇమిడియున్నది. అయితే దీనికి 'ఎంత' చేరినపుడు భావము తలక్రిందులగును. 'నువ్వెంత చెప్పినా' అని మొదలుపెట్టినవాడు దేనిని ఒప్పుకొనుటకును సిద్ధముగా లేడు.

ఒప్పుకొనబడునది యేదియను విషయమును గమనించినచో తెలుగు పలుకుబడి యొక్క స్వభావము మరింత విశదమగును. 'ఆ మాటకు తిరుగు లేదు', 'నీ మాటలో పస ఉంది', 'న్యాయమైన మాట', 'నీ మాటే నెగ్గింది', ఇట్లు చాలవరకు ఒప్పుకోళ్ళలో కర్తృస్థానమును ఆక్రమించునది 'మాట'. నెగ్గునది మాట, నిలుచునది మాట. మనుష్యులిద్దరును ఎప్పటివలెనే యుందురు. పస యనగా సారము. గింజలో పస ఉన్నట్లే మాటలోను పస ఉండునని భావించిన సేద్యగాండ్ర నోట ఇది సహజముగా పలుకును. 'ఒప్పు' అను ధాతువునకు తగియుండుట, శోభిల్లుట యని ప్రాచీనకావ్యములందు అర్థము. తప్పొప్పులని జంటగా చెప్పునపుడు సరియైనదని అర్థము. 'ఒప్పుకొను' అన్నచో సరియైన దానిని తనకు తగినదిగా స్వీకరించుట. అదే ధాతువునుండి ఒప్పందము, ఒప్పుదల, ఒప్పించుట పుట్టినవి. 'ఒప్పించుట' యను ప్రేరణార్థకములో, బలిమి చేసి లొంగదీయుటకు చోటు లేదు; ఎదుటివాడు తానుగా తగియున్నదని గ్రహించునట్లు చేయుటయే దాని యర్థము.

దేశ్యపదములతోపాటు తురకల యేలుబడినాడు వచ్చి స్థిరపడిన మాటలును ఈ వర్గమునందు కలవు. 'సబబు' అరబ్బీ భాషనుండి పారసీక, హిందుస్తానీల మీదుగా వచ్చినది. మూలమున దానికి కారణమని అర్థము. కారణమున్న మాట సబబైన మాట యగుట యెంతయు సమంజసము. 'రాజీ'యు అట్లే వచ్చినది. భూమి కాగితములలోని 'కబూలియత్తు' సైతము ఆ కుటుంబమునకే చెందినది. గిద్దలూరు, కంభము వైపు పెద్దలు తగవు తీర్చునపుడు 'న్యాయం', 'సబబు' అను రెండు మాటలను ఒకే ఊపిరిలో వాడుచుండుట కలదు. రెండింటికి సూక్ష్మమైన భేదమున్నది. న్యాయమైన మాట ధర్మమునుబట్టి నిలుచును. సబబైన మాట పరిస్థితినిబట్టి నిలుచును.

ఆంగ్లభాషలో ఇట్టి పలుకుబళ్ళు అనేకము 'పాయింట్' అను మాట చుట్టు అల్లుకొన్నవి. 'యూ హావ్ ఎ పాయింట్', 'ఐ టేక్ యువర్ పాయింట్', 'పాయింట్ టేకెన్' అనునవి నిత్యవ్యవహారములు. మొదటిది నీవు చెప్పినదానిలో ఆలోచింపదగినది కలదని, మూడవది నీవు చెప్పినది నా మనసున నాటినది, ఇక విస్తరింప నవసరము లేదని సూచించును. అందుచే మూడవదాని కంఠస్వరములో నొకింత విసుగు వినబడుటయు కలదు. మన 'నిజమేలే'కు అది దగ్గరి చుట్టము. 'ఫెయిర్ ఎనఫ్' అనుదానిలోని 'ఫెయిర్' న్యాయవాచకము. 'సబబే' యను మన మాటకు అది మిక్కిలి సమీపమున నున్నది. 'గ్రాంటెడ్', 'ఐ విల్ గివ్ యూ దట్' అనునవి దానమునుబట్టి పుట్టినవి. అడిగినవానికి అడిగినంత ఇచ్చి, మిగిలినది తన దగ్గర ఉంచుకొనుట వీని భావము. 'ఐ స్టాండ్ కరెక్టెడ్' అనునది వేరు జాతి. తాను చెప్పినది తప్పని, ఎదుటివాడు దానిని దిద్దినాడని ఒక్క మాటతో చెప్పివేయు సభామర్యాద యందు కలదు.

'టూషే' యను మాట ఫ్రెంచి కత్తిసామునుండి ఆంగ్లమునకు వచ్చినది. ప్రత్యర్థి కత్తిమొన తనకు తగిలినపుడు, మధ్యవర్తి చెప్పునంతవరకు వేచియుండక, తగిలినదని తగిలినవాడే చెప్పుట ఆ విద్యలోని మర్యాద. అదియే వాదమునకు సంక్రమించి, చతురమైన ప్రత్యుత్తరము తనను తాకినదని ఒప్పుకొను మాటయైనది. 'కన్సీడ్' అను క్రియ లాటిను మూలమునుబట్టి చూడగా వెనుకకు తగ్గి చోటిచ్చుట యను భావముగలది. వీనినిబట్టి ఆంగ్లేయులు వాదమును కయ్యముగనే భావింతురని తీర్మానించువారు కలరు. 'ఫెయిర్' అను న్యాయవాచకమును, 'గ్రాంటెడ్' అను దానవాచకమును వారు మరచినట్లున్నది. తెలుగునను 'నెగ్గుట', 'ఓడుట' లేకపోలేదు. భేదమంతయు ఏ భావమునకు ఏ భాష ముందుపీట వేసినదను దానిలో నున్నది.

ఒప్పుకోలునకును శరణాగతికిని నడుమ తెలుగు గీచిన గీత స్పష్టమైనది. 'చేతులెత్తేశాడు' అన్నచో ఇక తనవల్ల కాదని విడిచినాడని అర్థము. ఎదుటివాని మాట నిజమని అతడు నమ్మినాడనుటకు వీలులేదు. 'కాళ్ళబేరానికి వచ్చాడు' అను మాటలో అవసరమున్నదే కాని నమ్మకము లేదు. 'ముక్కు నేలకు రాయించాడు' అనునది గెలిచినవాని గర్వమును చెప్పు మాట. 'చెంపలేసుకున్నాడు' అనునది చేసిన తప్పునకు పశ్చాత్తాపము. వాదమునకు దానితో సంబంధము తక్కువ. 'నోరు మూతపడింది' అనునది అన్నిటికంటె మోసకరమైనది. జవాబు తోచక ఊరకుండుటయు, జవాబు సరిపోయినదని ఊరకుండుటయు బయటికి ఒక్కతీరుగనే యుండును. ఆంగ్లమున 'హంబుల్ పై' తినుట యను పలుకుబడి యీ శరణాగతి తెగలోనిది. లేడి పేగులు మొదలైన లోపలి భాగములకు 'అంబుల్స్' అని పాతకాలపు పేరు. వానితో చేయు వంటకమునకును, అణకువను తెలుపు 'హంబుల్' అను మాటకును ఉచ్చారణలో పొత్తు కుదిరి, అవమానమును దిగమ్రింగుట యను అర్థము స్థిరపడినది. ముష్టియుద్ధములో ఓటమి నంగీకరించుటకు గోదాలోనికి తువ్వాలు విసరుటయు ఇట్టిదే. ఇవి ఒప్పుకోళ్ళు కావు. హేతువు ప్రవర్తించుట మానివేసిన తరువాత మిగులు మాటలివి.

ఒప్పుకోలునకు పూర్తిగా ఎదురైన స్వభావమును తెలుగువారు 'తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు' అను సామెతతో చెప్పుదురు. కుందేలు చేతిలోనే యున్నది, కాళ్ళు లెక్కింపవచ్చును, అయినను లెక్కింపడు. ఇట్టివానిని గూర్చి పొదిలి ప్రాంతమున 'పట్టూ విడుపూ లేని మనిషి' అందురు. పట్టు ఎంత అవసరమో విడుపు అంత అవసరమని, రెండును తెలిసినవాడే వ్యవహారజ్ఞుడని ఈ జంటమాట చెప్పుచున్నది. 'ఒక మెట్టు దిగాడు' అను మాట బేరమునకు సంబంధించినది. అందులో విడుపు కలదు గాని, ఎదుటివాని హేతువు గ్రహింపబడెనా లేదా యను సంగతి తెలియదు. పశువుల బేరములో వినబడు 'నీ మాటా వద్దు, నా మాటా వద్దు' అను సూత్రము ఇంకను ముందుకు పోయి, ఇరువురి హేతువులను ప్రక్కన పెట్టి, నడిమి ధరయొద్ద ఇద్దరిని కలుపును.

ఎవరు ఎవరితో పలుకుచున్నారను దానినిబట్టి ఈ పలుకుబళ్ళు రూపము మార్చుకొనును. పెద్దమనుషులలో పెట్టిన తగవున వయసు మళ్ళినవాడు కుర్రవాని మాటను ఒప్పుకొనవలసి వచ్చినపుడు 'నిన్నగాక మొన్న పుట్టినోడివి, అయినా సక్కంగా చెప్పావురా అబ్బయ్యా' అనును. వయసు భేదమును ముందుగా చెప్పుట తన పెద్దరికమును కాపాడుకొనుట. 'అయినా' యను అప్యర్థకముతో ఆ పెద్దరికమును దాటి మాటను గౌరవించుట. కుర్రవాడు పెద్దవానితో 'మీరు చెప్పినాక ఇంకేముంది పెద్దయ్యా' అనును. ఇది మర్యాదయే కాని ఒప్పుకోలని నమ్మరాదు. అతడు హేతువునకు గాక వయసునకు తలయొగ్గి యుండవచ్చును. అనుభవజ్ఞులైన పెద్దలు ఆ మాటతో తృప్తిపడక, 'మొహమాటం వద్దు, నీ మనసులో మాట చెప్పు' అని తిరిగి అడుగుదురు. బావమరదుల నడుమ 'సరేలే బావా, ఈ తూరి నీ మాటే కానీ' అనునది చనువుతో కూడిన విడుపు. 'ఈ తూరి' యన్న రెండు మాటలలో రాబోవు తూరికి హక్కు నిలుపుకొనుట కలదు. వదినెమరదండ్రు, తోడికోడండ్రు నడుమ వినబడు 'నిజమే వదినా, నాకా మాట తోచలా' అనునది యన్నిటికంటె నిండైన ఒప్పుకోలు. ఎదుటివాని హేతువు సరియైనదనుటతో ఆగక, ఆ హేతువు తన యాలోచనకు అందలేదని సైతము అందు చెప్పబడుచున్నది. మగవారి సభలలో ఈ 'తోచలా' వినబడుట అరుదు.

పొలముగట్టు తగవులలో ఒప్పుకోలునకు ప్రత్యేకమైన వాతావరణము కలదు. సర్వేరాయి కదిలినదని ఒకడు, కదలలేదని మరియొకడు తరతరములుగా వాదించుచుందురు. సర్వేయరు వచ్చి గొలుసు పరచి కొలిచిన పిమ్మట, 'కొలత ప్రకారం నువ్వన్నదే ఖాయం' అని రెండవవాడనును. ఈ వాక్యమున 'కొలత ప్రకారం' అను మాటకు గొప్ప బలమున్నది. తాను పొరుగువానికి కాక కొలతకు ఒప్పుకొనుచున్నాడు. ఇరువురికి వెలుపల నున్న ప్రమాణమొకటి దొరికినపుడు ఒప్పుకోలు సులభమగునని, అట్టి ప్రమాణము లేనపుడు అది కష్టమగునని పల్లెవాసులు అనుభవమున తెలిసికొన్నారు.

సంస్కృతశాస్త్రములు ఈ విషయమును నిశితముగా పరిశీలించినవి. గౌతముని న్యాయసూత్రములు కథను, అనగా చర్చను, వాదము, జల్పము, వితండ యని మూడుగా విభజించినవి. సత్యనిర్ణయముకొరకు జరుగునది వాదము. గెలుపుకొరకు జరుగునది జల్పము. తన పక్షమేదియు నిలుపక పరపక్షమును ఖండించుట మాత్రమే చేయునది వితండ. వాదమున ఒప్పుకోలు శోభ. జల్పమున నది నష్టము. వితండవాదికి ఒప్పుకొనుటకు తనదంటూ ఒక పక్షమే లేదు. అదే శాస్త్రమున నాలుగు విధములుగా చెప్పబడిన సిద్ధాంతములలో చివరిది అభ్యుపగమ సిద్ధాంతము. పరీక్షింపని విషయమును తాత్కాలికముగా అంగీకరించి, దాని విశేషములను పరీక్షించుట దీని స్వరూపము. శబ్దము ద్రవ్యమే యగుగాక, అయినను అది నిత్యమా, అనిత్యమా యని విచారించుటను భాష్యకారుడైన వాత్స్యాయనుడు దీనికి ఉదాహరణముగా చూపెను. మన పల్లెలలో 'పోనీ, నువ్వన్నట్టే అనుకుందాం' అని మొదలుపెట్టి, అట్లనుకొన్నచో రాగల చిక్కులను ఒకటొకటిగా చూపువాడు ఈ శాస్త్రమును చదువకయే ప్రయోగించుచున్నాడు. ఎదుటివాడు మొండివాడైనను తృప్తిపడుగాక యని అతని మాటను అంగీకరించి చూపుటకు 'తుష్యతు దుర్జన న్యాయము' అని పేరు. ఎదుటివాడు దోషముగా ఆపాదించిన దానిని, అది మాకిష్టమే యని స్వీకరించుటకు ఇష్టాపత్తి యని పేరు.

వ్యాఖ్యాతల పరిభాషలో 'సత్యమ్' అని మొదలైన సమాధానము సంపూర్ణమైన ఒప్పుకోలు కాదు. సత్యమనునది అర్ధాంగీకారమున వచ్చునని పండితులు చెప్పుదురు. దాని వెంట 'తథాపి' యని మరియొక వాక్యము రాగలదు. ఇది మన 'నిజమే గానీ' తప్ప వేరు కాదు. పూర్ణాంగీకారమును తెలుపుటకు 'బాఢమ్' అను మాటను వాడుదురు. న్యాయశాస్త్రము చెప్పిన ఇరువదిరెండు నిగ్రహస్థానములలో, అనగా వాదమున పరాజయహేతువులలో, 'మతానుజ్ఞ' యనునది యొకటి. తన పక్షమున ఎదుటివాడు చూపిన దోషమును తొలగింపక, దానిని లోలోపల ఒప్పుకొనియే, 'నీ పక్షమునను అదే దోషమున్నది' అని తిప్పికొట్టుట దీని లక్షణము. నేటి సభలలోను, వీధి యరుగులపైనను ఈ మతానుజ్ఞ యొక్క వ్యాప్తిని చూచినచో, దానిని పరాజయమని నిర్ణయించిన ప్రాచీనుల న్యాయబుద్ధికి నమస్కరింపవలెననిపించును. ఆంధ్రుడని ప్రసిద్ధిగాంచిన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహముద్వారా న్యాయశాస్త్రపరిభాష తెలుగుదేశపు విద్యార్థులకు తరతరములుగా అందినది.

న్యాయస్థానమున ఒప్పుకోలు పలుకుబడి స్థాయిని దాటి ఫలితమునిచ్చు క్రియయగును. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడులో ఎనిమిదవ ఆర్డరు అయిదవ రూలును అనుసరించి, దావాలో చెప్పిన సంగతిని ప్రతివాది తన జవాబులో స్పష్టముగా కాదననిచో ఒప్పుకొన్నట్లే భావింపబడును. మౌనం అర్ధాంగీకారమని లోకము చెప్పినదానిని శాసనము ఒక మెట్టు పైకెక్కించి పూర్ణాంగీకారముగా చేసినది. ఒప్పుకొన్న సంగతిని మరల రుజువు చేయనక్కరలేదని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ సూత్రమును నిలుపుకొన్నది. అయితే శాసనార్థమును గూర్చి వకీలు పొరపాటున ఒప్పుకొన్నది కక్షిదారుని బంధింపదను సిద్ధాంతమును న్యాయస్థానములు పాటించుచున్నవి. సంగతిని ఒప్పుకొనవచ్చును గాని శాసనమును ఒప్పుకోలుతో మార్చుటకు వీలులేదు. పొదిలి, మార్కాపురము, గిద్దలూరు, కనిగిరి కోర్టులకు పోయివచ్చు రైతులు ఈ భేదములను పేర్లతో ఎరుగకున్నను, 'జవాబులో కాదనకపోతే ఒప్పుకున్నట్టే' యని ఒకరికొకరు హెచ్చరించుకొనుచుందురు.

తెలుగువారి ఆధునిక చరిత్రలో ఒప్పుకోలునకు మహోదాహరణము భాషావివాదమే. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) వ్యావహారికభాషకు గ్రంథరచనలో స్థానము కోరినపుడు, జయంతి రామయ్య పంతులుగారు మొదలైన ఉద్దండులు గ్రాంథికపక్షమున నిలిచిరి. పూర్వకవుల ప్రయోగములనే ప్రమాణముగా చూపి, గ్రాంథికవాదులే తమ రచనలలో గ్రాంథికమును నిలుపలేకున్నారని గిడుగువారు నిరూపించిరి. ప్రతివాదుల ప్రమాణముతోనే ప్రతివాదులను పరీక్షించు ఆ పద్ధతికి సమాధానము చెప్పుట కష్టమైనది. గ్రాంథికమున విస్తారమైన వాఙ్మయమును సృష్టించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ జీవితపు చివరి యేట, 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున స్థాపింపబడిన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైరి. మూడు మాసములకు, మే 27వ తేదీన, స్వర్గస్థులైరి. డెబ్బదియేండ్ల వయసున, కీర్తిశిఖరమున నున్న మహనీయుడు తాను జీవితమంతయు సాధన చేసిన శైలికంటె భిన్నమైన మార్గమును సమర్థించుట సామాన్యమైన సంగతి కాదు. అది సంస్కర్తృత్వమున ఆయన చేసిన కార్యములకు ఏమాత్రము తీసిపోదని మా నమ్మకము. పర్లాకిమిడిలో గిడుగువారి శిష్యులైయుండియు మొదట గ్రాంథికపక్షము వహించిన తాపీ ధర్మారావుగారు తరువాత వ్యావహారికమునకు వచ్చి, పత్రికారచనలో దానిని ప్రతిష్ఠించిరి. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికముపై నుండిన నిషేధమును తొలగించినది.

రాజకీయములలో 1937 నవంబరు 16వ తేదీన మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనమున కుదిరిన ఒడంబడిక ఇట్టిది. ఆంధ్రరాష్ట్రమేర్పడినచో తాము వెనుకబడిపోదుమను రాయలసీమవారి భయము నిర్హేతుకము కాదని కోస్తానాయకులు అంగీకరించిన ఫలితమది. నదీజలముల వినియోగమున రాయలసీమకును నెల్లూరు జిల్లాకును ప్రాధాన్యము అందు చెప్పబడినది. నాడు పొదిలి నెల్లూరు జిల్లాలోను, మార్కాపురము కర్నూలు జిల్లాలోను ఉండుటచేత, ఈ సీమయంతయు ఆ ఒప్పుకోలు పరిధిలోనిదే. 1953 అక్టోబరు 1వ తేదీన ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు కర్నూలు రాజధానియైనది. నీటిని గూర్చిన భాగము ఈ మెట్టసీమలో నేటికిని చర్చనీయాంశముగనే యున్నది.

ఇటీవలి కాలమున ఆంగ్లపదములు ఈ వర్గములోనికి విరివిగా వచ్చిచేరినవి. 'కరెక్టు', 'ఓకే', 'పాయింటు' అనునవి పొదిలి బస్టాండులోను, పొగాకు వేలము జరుగు తావునను, అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబముల టెలిఫోను సంభాషణలలోను ఒక్కతీరుగ వినబడును. 'మంచి పాయింటే లాగావు' అనునది ఆంగ్లమున లేని పలుకుబడి. దారమును కొస పట్టి లాగినట్లు వాదమునుండి సారమును వెలికి తీసినాడని తెలుగువాని భావన. 'సబబు', 'పస' వంటి మాటలు యువకుల నోట తగ్గుచుండుట చూచి బాధపడువారిలో మేమును ఒకరము. ఒక్కొక్క మాటతో ఒక్కొక్క తూనిక పోవును. అయినను వచ్చిన మాటలు తెలుగు అవ్యయములకు లోబడియే నిలుచుచున్నవి. పూర్తిగా ఒప్పుకొనువాడు 'కరెక్టే గదా' అనును. వాదమును ముగింపగోరువాడు 'కరెక్టేలే' అనును. సగము ఇచ్చువాడు 'కరెక్టే గానీ' అనును. తన మాటను విడువకయే ఎదుటివాని మాటను ప్రక్కన నిలుపువాడు 'అదీ కరెక్టే' అనును.